తలలో ‘కాదు’, తోకలో ‘లేదు’



ఈ సభ ఆహ్వానపత్రంలో, మనలో చాలామందికి హైస్కూల్లో పాఠాలు చెప్పినాయన పూర్తి పేరు డిగ్రీలతో సహా అచ్చయింది. నాకు మాత్రం ఆ పేరు పలకడానికి నోరు రాదు. బడిలో ఏనాడూ పలకలేదు. ఇప్పుడు పలికితే వెనక బెంచీ నుంచి ఎవరో కిసుక్కుమంటారని జంకు. అందుకని ఈ గంటసేపూ ‘మాస్టారు’ అనే అంటాను. పొగడ్త ఆయనకు గిట్టదు కనుక పొగడను. ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక పత్రికలో ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసి బతికినవాణ్ని. ఆయన చెప్పిన ఒక్క పాఠం ఆ పనిలో నన్ను ఎలా కాపాడిందో, మరిచిపోయినప్పుడు ఎలా ముంచిందో ఇవాళ అప్పజెబుతాను. పాఠం చిన్నదే: ఇంగ్లీషు మాటల నెత్తిన కూర్చునే ‘కాదు’ సంగతి. అన్, ఇన్, నాన్, డిస్ లాంటివన్నమాట.

పెట్రోలు ట్యాంకరు

మన హైస్కూలు ప్రహరీ అవతల జాతీయ రహదారి. విశాఖ నుంచి వచ్చే పెట్రోలు ట్యాంకర్లు బడి ఎదుట టీకొట్టు దగ్గర ఆగేవి. వాటి వెనక పెద్ద అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉండేది. మాకు తొమ్మిదో తరగతిలో అప్పుడే వ్యతిరేక పదాలు చెప్పారు. కరెక్టుకి ఇన్‌కరెక్టు, విజిబుల్‌కి ఇన్‌విజిబుల్, కంప్లీటుకి ఇన్‌కంప్లీటు. ఫ్లేమ్ అంటే మంట అని తెలుసు. చెయ్యెత్తి, ‘పెట్రోలు అంటుకోదాండీ?’ అని అడిగాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

‘నువ్వు చేసిన లెక్క సరైందేరా, తీసుకున్న అంకె వేరు’ అన్నారు. లాటిన్‌లో ‘ఇన్’లు రెండున్నాయనీ, ఒకటి ‘కాదు’ అనేదనీ, రెండోది ‘లోపలికి’ అనేదనీ, ట్యాంకరు మీదిది రెండోదనీ చెప్పారు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే ఇట్టే మంటలోకి పోయేది. నాలాగే పొరబడేవాళ్లు ఇంగ్లీషు దేశాల్లోనూ ఉన్నారు కాబట్టే అక్కడ అగ్నిప్రమాదాల నివారణ చూసేవాళ్లు ఆ ‘ఇన్’ కొట్టేసి ఉత్త ‘ఫ్లేమబుల్’ రాయమన్నారు. రెండు మాటలకూ అర్థం ఒకటే. మన ట్యాంకర్లు మాత్రం చాలావరకు పాత మాటనే మోస్తున్నాయి.

ఆ రోజే ఆయన నల్లబల్ల మీద నాలుగు మాటలు రాశారు. లేదా? కాదా? రాదా? కూడదా? ‘ఇంగ్లీషు మాట తలమీద అడ్డం కనిపించగానే దాన్ని తిప్పెయ్యకండి. ముందు ఈ నాలుగూ అడగండి’ అన్నారు. నా ఉపన్యాసమంతా ఈ నాలుగు మాటలే.

ఒకే వేషం, రెండు పాత్రలు

‘ఇన్’ ఒక్కటే కాదు, ‘అన్’ కూడా ఇద్దరు మనుషులు. అన్‌హ్యాపీలో ఉన్నది ఒకడు, అన్‌టైలో ఉన్నది ఇంకొకడు. మొదటివాడు గుణాన్ని కాదంటాడు. రెండోవాడు జరిగిన పనిని వెనక్కి తిప్పుతాడు. పాత ఇంగ్లీషులో వీళ్ల పుట్టుకలే వేరు. రెండోవాడికి దగ్గర చుట్టం జర్మన్ భాషలోని ‘ఎంట్’. కాలక్రమంలో ఇద్దరి ఉచ్చారణా కలిసిపోయి ఒకే వేషం మిగిలింది.

తెలుగులో ఈ రెండోవాడికి పని లేదు. మనం ముడి విప్పుతాం, తాళం తీస్తాం, సరుకు దించుతాం, మడత విప్పుతాం. వీటిలో ఎక్కడా నిషేధం లేదు. ప్రతి పనికీ దాని మాట దానికుంది. ఇంగ్లీషువాడికి మాత్రం ‘అన్‌లాకబుల్’ అనే పెట్టె ఎదురైతే తంటా. తాళం వేయడానికి వీల్లేనిదా, తాళం తీయడానికి వీలున్నదా? రెండూ ఒప్పే. పెట్టెలో నగలు పెట్టేవాడు ఏ అర్థంలో కొన్నాడో కనుక్కోవాలి.

దూరపు చుట్టాలు

మొదటి ‘అన్’కి చుట్టరికం చాలా దూరం ఉంది. లాటిన్ ‘ఇన్’, గ్రీకు ‘అ, అన్’, సంస్కృతం ‘అ, అన్’, ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్‌లలో కనిపించేది కూడా ఆ లాటిన్ ‘ఇన్’. పక్క అక్షరాన్ని బట్టి చొక్కా మార్చింది. అచ్చు ముందు వస్తే ‘అన్’గా మారడం సంస్కృతంలోనూ గ్రీకులోనూ ఒకటే పద్ధతి. మనకు అనుచితం, అనంతం. వాళ్లకు అనార్కీ, అనానిమస్.

అనార్కీని విడదీస్తే పాలకుడు లేకపోవడం. మన అరాచకాన్ని విడదీస్తే రాజు లేకపోవడం. మన అజ్ఞాతం, ఇంగ్లీషు అన్‌నోన్, 1869లో థామస్ హక్స్‌లీ గ్రీకు ముక్కలతో తయారుచేసిన ‘అగ్నాస్టిక్’, మూడూ లోపల ఒకే ధాతువు, ఒకే నిషేధం. అన్నిటికంటే నాకు ఇష్టమైనది అమృతం. మృతి లేనిది అమృతం. లాటిన్ వారసత్వంలో అదే ‘ఇమ్మోర్టల్’. గ్రీకు దేవతలు ఆరగించే ‘ఆంబ్రోసియా’ కూడా సరిగ్గా అదే మాట. ఈ సంగతి చెప్పిన రోజున మాస్టారి మొహం ఎలా వెలిగిందో నాకింకా గుర్తే.

అయితే వెంటనే ఒక హెచ్చరిక చేశారు. ‘ఇది సంస్కృతం చుట్టరికం. తెలుగు చుట్టరికం కాదు.’ మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు తమిళ కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని నిరూపించాడు. ఆ వేరు కుదురు బాగా కనిపించే చోట్లలో నిషేధం ఒకటి.

తోకలో ఉన్నది

చేయను, చేయవు, చేయడు, చేయదు, చేయము, చేయరు. ఇందులో ‘కాదు’ అనే ముక్క విడిగా ఎక్కడుంది? ఎక్కడా లేదు. ‘చేయ్’కీ ‘ను’కీ నడుమ ఉన్న అకారంలోనే నిషేధం దాగి ఉందంటారు భాషావేత్తలు. ‘రాను’ అనడానికి ఇంగ్లీషువాడికి మూడు మాటలు కావాలి. మనకు రెండక్షరాలు చాలు. మాట తల అలాగే ఉంటుంది. తోక ఆడించి కాదంటాం. తెలియని, రాని, లేని, చాలని, ఒప్పుకోని. అంతా తోక పనే.

తల మీద నిషేధం పెట్టుకోవాలంటే మనం అప్పు తెచ్చుకోవాల్సిందే. సంస్కృతం నుంచి అ, నిర్, అప తెచ్చుకున్నాం. ఫారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా బే, నా, గైరు తెచ్చుకున్నాం: బేఖాతరు, నాలాయకు, గైరుహాజరు. తెచ్చుకున్నవాటిని అచ్చ తెలుగు మాటకు తగిలించడం అరుదు. ‘అమంచి’ అనం, ‘నిర్నీళ్లు’ అనం. ‘నిర్మొహమాటం’ ఒక్కటి గట్టి మినహాయింపు. తెలుగు మొహమాటానికి సంస్కృత తల అతికించి, వ్యాకరణవేత్తలు వైరి సమాసమని ముక్కు విరిచినా, మొహమాటం లేకుండా వాడేస్తున్నాం.

తోకలోని నిషేధంలో తేడాలు చూడండి. ‘ఇది పుస్తకం కాదు’ అంటే వస్తువు వేరని. ‘ఇక్కడ పుస్తకం లేదు’ అంటే వస్తువే లేదని. ‘నాకు హిందీ రాదు’ అంటే నేర్పు లేదని. ‘అలా అనకూడదు’ అంటే తగదని. ఇంగ్లీషువాడికి వీటన్నిటికీ ‘నాట్’ ఒక్కటే, మాటల తలమీదికొస్తే అన్, ఇన్, నాన్. అంటే ఇంగ్లీషులో కలిసిపోయిన నాలుగు దార్లు తెలుగులో విడివిడిగా ఉన్నాయి. అనువాదకుడు ఎటు పోవాలో తేల్చుకోక తప్పదు. మాస్టారి నాలుగు ప్రశ్నలు అందుకే.

కాదా?

‘నాన్’ సాధారణంగా ‘కాదు’. మంచీ చెడూ చెప్పదు, గీత గీసి అవతలికి నెడుతుంది. ప్రొఫెషనల్ కానివాడు నాన్‌ప్రొఫెషనల్; ప్రొఫెషనల్ అయ్యుండీ మర్యాద తప్పినవాడు అన్‌ప్రొఫెషనల్. మొదటిది జాబితా, రెండోది నింద. రాయి నాన్‌హ్యూమన్, హింసించే మనిషి ఇన్‌హ్యూమన్.

ఈ ‘నాన్’కి తెలుగు ఆఫీసు భాష చక్కని తోక వెతికింది: ఏతర. నాన్‌టీచింగ్ బోధనేతర, నాన్‌లోకల్ స్థానికేతర, నాన్‌గవర్నమెంట్ ప్రభుత్వేతర. ఈ పని చేసిన గుమాస్తాలెవరో తెలియదు గానీ వాళ్లకో దండం. ‘అబోధన’ అనో ‘నిస్థానిక’ అనో రాసి ఉంటే మన గతి ఏమయ్యేది?

ఇక ఎన్జీవో సంగతి. మన ఊళ్లలో ఎన్జీవో అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసరు, అంటే ప్రభుత్వ ఉద్యోగి. తర్వాత వచ్చిన ఎన్జీవో నాన్ గవర్నమెంటల్ ఆర్గనైజేషన్, అంటే ప్రభుత్వం కానిది. ఒకే మూడక్షరాలు, మొదటివాడు సర్కారు లోపల, రెండోవాడు బయట. ఆ ‘నాన్’ దేన్ని కాదంటోందో చూడకపోతే వార్త తలకిందులవుతుంది.

‘నాన్‌వెజ్’ ఇంకో వింత. అక్షరాలా చూస్తే శాకం కానిది. ఆ లెక్కన ఉప్పూ నాన్‌వెజ్జే. కానీ ఆ మాట వినగానే మనకు కోడికూరో వేటమాంసమో కళ్ల ముందుకొస్తుంది. లేని పేరుతో పిలిచినా కంచంలో ఉన్నది నిక్షేపంగా ఉంది. ఏది మామూలు, ఏది దానికి అవతలిది అని ఆ పేరు పెట్టినవాళ్లు ముందే తీర్మానించుకున్నారని కూడా ఆ ‘నాన్’ చెబుతుంది.

రాదా? కూడదా?

‘అన్’ తలమీద ఉండి ‘ఏబుల్’ తోకలో ఉన్న మాటలతో ఇంకా జాగ్రత్త కావాలి. ‘అన్‌స్పీకబుల్’ని ఏమందాం? చెప్పలేనిదా, చెప్పరానిదా, చెప్పకూడనిదా? చెప్పలేని ఆనందం ఉంటుంది, చెప్పరాని తిట్టు ఉంటుంది, చెప్పకూడని రహస్యం ఉంటుంది. మొదటిదానిలో లోటు మన మాటలది. రెండోదానిలో మర్యాద అడ్డు. మూడోదానిలో ఎవరో పెట్టిన ఆంక్ష. ఇంగ్లీషు ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి మూతి కడుతుంది.

‘అన్‌టచబుల్’ దగ్గర ఈ తేడా వ్యాకరణం దాటి వస్తుంది. ఆ ఇంగ్లీషు మాట వింటే, ముట్టుకోవడానికి వీలుకాని గుణమేదో ఆ మనిషిలోనే ఉన్నట్టు ధ్వనిస్తుంది. తెలుగు మాట ‘అంటరాని’. ఆ ‘రాని’ ఎక్కడిది? ఆర్టీసీ బస్సులో ‘పొగ త్రాగరాదు’ అని రాస్తారే, ఆ ‘రాదు’. అది ప్రకృతి ధర్మం కాదు, ఎవరో రాసి తగిలించిన బోర్డు. మనుషులు పెట్టిన ఆ నిషేధాన్నే మన రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. తెలుగు మాట తన నేరాన్ని తన తోకలోనే ఒప్పుకుందని మాస్టారు అనేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. డెస్కులో చేరిన కొత్తలో ‘నాన్ బెయిలబుల్’ అని వచ్చిన ప్రతిచోటా ‘బెయిలు రాని నేరం’ అని రాసేవాణ్ని. ఒకరోజు ఒక వకీలు దగ్గర నుంచి కార్డు వచ్చింది. తన కక్షిదారు తండ్రి మా వార్త చదివి, బెయిలు ఎలాగూ రాదటగా, అర్జీ ఎందుకు దండగ అన్నాడట. చట్టంలో దాని అర్థం వేరు. బెయిలబుల్ నేరంలో బెయిలు నిందితుడి హక్కు. నాన్ బెయిలబుల్‌లో అది హక్కు కాదు. ఇవ్వాలో వద్దో న్యాయస్థానం విచక్షణతో తేలుస్తుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ అంతే, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అంతే. ‘హక్కు కాదు’ అనవలసిన చోట నేను ‘రాదు’ అన్నాను. నాలుగు ప్రశ్నల్లో రెండోది అడగాల్సింది, మూడోదానికి జవాబు రాసేశాను. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇవ్వను

నాలుగు ప్రశ్నలకూ లొంగని మాట కూడా ఉంటుంది. 1920లో గాంధీజీ మొదలుపెట్టిన నాన్‌కోఆపరేషన్ తెలుగులోకి వచ్చింది. సహకారం లేకపోవడమా? అలాగైతే అది బద్ధకం కూడా కావచ్చు. సహకారం కానిదా? అర్థమే లేదు. మనవాళ్లు ‘సహాయ నిరాకరణ’ అన్నారు. అందులో ఉన్నది లేమి కాదు, ‘ఇవ్వను’ అనే ఉత్తమపురుష. చేయి ఉంది, సాయం చేసే శక్తి ఉంది, ఇవ్వననే నిర్ణయం కూడా ఉంది. పదేళ్లకు సివిల్ డిసొబీడియెన్స్ వస్తే ‘శాసనోల్లంఘన’ అన్నారు. అక్కడ ‘డిస్’ అన్న రెండక్షరాలు ‘దాటడం’గా మారాయి. నిషేధంలో దాగిన పనిని పట్టుకున్న అనువాదాలివి.

ఈ నిషేధాల్లో ఇంకో విశేషం ఉంది. ఇంగ్లీషు ‘అన్’ సాధారణంగా మంచి గుణాలనే కాదంటుంది. అన్‌హ్యాపీ, అన్‌కైండ్, అన్‌వైజ్ ఉన్నాయి. అన్‌శాడ్, అన్‌క్రుయెల్, అన్‌ఫూలిష్ లేవు. ఎస్పర్సన్ లాంటి వ్యాకరణవేత్తలు ఈ సంగతి ఎప్పుడో గమనించారు. 1949లో వచ్చిన నవలలో జార్జ్ ఆర్వెల్ నియంతల చేత ‘బ్యాడ్’ కొట్టేయించి ‘అన్‌గుడ్’ పెట్టించాడు. మాటలు తగ్గితే ఆలోచనా తగ్గుతుందని వాళ్ల లెక్క. సంస్కృతం అలా కాదు, చెడ్డవాటిని కాదని సుగుణాలు తయారుచేసింది. అహింస, అభయం, అక్రోధం. అభయమంటే భయం లేకపోవడంతో ఆగదు. ఎత్తిన చెయ్యి ఇచ్చే మాట. అహింసను ఇంగ్లీషు చేయడానికి ‘అన్’ పనికిరాలేదు. ‘నాన్‌వయొలెన్స్’ అనవలసి వచ్చింది. లాటిన్‌లో హాని చేయనివాడని అర్థం వచ్చే ‘ఇన్నొసెంట్’ ఉంది గానీ, అది అప్పటికే అమాయకుడి ఇంట స్థిరపడిపోయింది.

దారి తప్పిన మాటలు

మాట పుట్టినప్పటి అర్థం పట్టుకుని కూర్చుంటే కూడా మునుగుతాం. ‘అన్‌కెంప్ట్’ అంటే మొదట తల దువ్వుకోనిది, ఇప్పుడు అవతారమే బాగాలేనిది. ‘అన్‌కూత్’ అంటే మొదట తెలియనిది. తెలియనివాడు వింతవాడయ్యాడు, వింతవాడు మోటువాడయ్యాడు. పరాయివాణ్ని ఊరు చూసే చూపు ఆ మాటలో ఉంది. మన ‘బేవార్సు’ కూడా ఇదే బాట పట్టింది. వారసుడు లేని ఆస్తికి చెప్పే కచేరీ మాట వీధి తిట్టయింది. మగతనం లేదనే ఉర్దూ మాట నుంచి వచ్చిన ‘నామర్దా’ మన దగ్గర పరువుతక్కువ అయింది.

ఒక్కోసారి లేని తలను ఉందనుకుని నరికేస్తారు. ‘డిస్‌గ్రంటల్డ్’లో ‘డిస్’ నిషేధం కాదు, సణుగుడును ఇంకాస్త పెంచేది. ఉడ్‌హౌస్ 1938 నాటి నవలలో సరదాకి దాన్ని కొట్టేసి ‘గ్రంటల్డ్’ అన్నాడు. మన పూర్వులు ఈ పని చాలా గంభీరంగా చేశారు. వేదకాలంలో ‘అసుర’ నిషేధపదం కాదు. ‘అసు’ అంటే ప్రాణం, వరుణుడి లాంటి దేవతలకూ ఆ పేరుండేది. తర్వాతివాళ్లు అందులో ‘అ’ని నిషేధమనుకున్నారు. దాన్ని కొట్టేస్తే సురులు పుట్టారు. అలా పుట్టిన దేవతలకు మనం ఇప్పటికీ దండం పెడుతూనే ఉన్నాం.

‘డిస్ఇంటరెస్టెడ్ విట్‌నెస్’ని నేనొకసారి కోర్టు వార్తలో ‘ఆసక్తి లేని సాక్షి’ అని రాశాను. సాక్షి ఆవులిస్తూ బోనులో నిలబడినట్టు ధ్వనించింది. అక్కడి ఇంటరెస్ట్ ఆసక్తి కాదు, లాభం. ఏ పక్షంతోనూ లాభనష్టాల లంకె లేని సాక్షి అనాలి. మాస్టారు ఆ ముక్క కత్తిరించి, ఎర్రసిరాతో సున్న చుట్టి పోస్టులో పంపారు. కింద చిన్న ఓదార్పు కూడా రాశారు: పదిహేడో శతాబ్దంలో ఆ మాటకు నేను రాసిన అర్థమూ ఉండేదనీ, నేను కొంచెం ఆలస్యంగా పుట్టాననీ.

మొన్నామధ్య నా నడుముకి స్కానింగు తీశారు. రిపోర్టు నిండా ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంది. మా ఆవిడ కంగారుపడింది: ‘ఏమీ లేదనా, ఏమీ బాగాలేదనా?’ లేదనే. చెప్పుకోదగ్గ విశేషం లేదని. ఎక్కడైనా విశేషమున్నవాడు అనిపించుకోవాలని ఉంటుంది గానీ, డాక్టరు గదిలో మాత్రం వద్దు.

వెల లేనిది, విలువ లేనిది

‘ఇన్‌వాల్యుబుల్’కి అర్థం అడిగితే పిల్లలు విలువలేనిదంటారు. వాళ్లను చూసి నవ్వకండి. మన మాటలే చూడండి. వెలలేనిది అంటే అపురూపం. విలువలేనిది అంటే పారేయాల్సింది. వెలా విలువా దగ్గర మాటలే, తోకలో ఉన్నది ఒకే ‘లేని’. ఒకదాంట్లో, వెల కట్టబోతే కొలత చాలలేదు. ఇంకోదాంట్లో, కొలవడానికే ఏమీ లేదు. అమూల్యం కూడా ఇంతే. ఈ తేడా ఏ సూత్రంలోనూ దొరకదు, వాడుకలో దొరుకుతుంది. తెలుగు బాగా వచ్చినవాడికి ఇన్‌వాల్యుబుల్ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

చివరగా జోడు నిషేధాలు. ‘నాట్ అన్‌హ్యాపీ’ అంటే సంతోషంగా ఉన్నాడని కాదు. కాదు పక్కన కాదు వస్తే లెక్కల్లో అవునవుతుంది, భాషలో అవదు. నడుమ కొంత బయలు మిగులుతుంది. ఈ ‘నాట్ అన్’ వాడకాన్ని ఆర్వెల్ 1946 నాటి వ్యాసంలో ఆటపట్టించాడు. మన విలేకరుల ఆస్తి ‘లేకపోలేదు’. మంత్రివర్గంలో మార్పులు జరిగే అవకాశం లేకపోలేదు. నేనెన్ని వందలసార్లు రాశానో! జరిగితే ముందే చెప్పామంటాం, జరగకపోతే మేమనలేదంటాం. తెలియనప్పుడు తలదాచుకునే చూరు అది. ఈ సంగతి మాస్టారికి తెలియకపోలేదు. అందుకే నా వ్యాసాల్లో ఆ మాట కింద ఎప్పుడూ గీత గీసేవారు.

ఒక విన్నపం

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు. పరీక్షలో ఎడమవైపు కరెక్టు, కుడివైపు ఇన్‌కరెక్టు ఇచ్చి జతపరచమనడం తేలిక, దిద్దడం ఇంకా తేలిక. కానీ మాట తలమీది రెండక్షరాలను గుణకారపు గుర్తులా నేర్చుకున్న పిల్లవాడు రేపు కోర్టు కాగితమో, మందు సీసా మీది చీటీయో, స్కానింగు రిపోర్టో చదవాలి. కాబట్టి వ్యతిరేక పదాల పాఠం చెప్పే రోజున పట్టికకు ముందు నల్లబల్ల మీద ఆ నాలుగు తెలుగు మాటలు రాయండి. లేదా, కాదా, రాదా, కూడదా అని పిల్లలచేత అడిగించండి. ఏదీ పొసగకపోతే ఐదో మాట వెతకనివ్వండి. పెట్రోలు అంటుకోదా అని ఎవరైనా చెయ్యెత్తితే, దయచేసి నవ్వకండి.